పాదచారి
లోకవ్యవహారమున కాలినడకన పోవు మనుష్యుడే పాదచారి యైనను, శాసనదృష్టిలో నడక యొక్కటియే అతని లక్షణము గాదు. 1968 నాటి వియన్నా రహదారి ఒడంబడికకు అనుబంధముగా 1971లో జెనీవాయందు ఐరోపా రాజ్యములు చేసికొనిన ఒప్పందము ననుసరించి, పసిబిడ్డ బండిని త్రోయు తల్లియు, సైకిలు దిగి దానిని నడిపించుకొని పోవువాడును, చక్రాల కుర్చీని స్వయముగా త్రిప్పుకొనుచు గాని నడకవేగముతో గాని సాగు వికలాంగుడును పాదచారులుగనే పరిగణింపబడుదురు. దుర్బలునకు రక్షణ నొసగు ఈ విస్తృతార్థము మిక్కిలి న్యాయసమ్మతము. భారతదేశపు 1988 మోటారు వాహనాల చట్టము మోటారు వాహనమును సవిస్తరముగా నిర్వచించియు, తన రెండవ సెక్షనులోని నిర్వచనములలో పాదచారికి తావీయకుండుట పెద్దలోపము. 2019 సవరణచే 138వ సెక్షనున చేరిన (1ఎ) ఉపసెక్షను, బహిరంగ స్థలములందును జాతీయ రహదారులందును పాదచారుల సంచారమును గూర్చి నియమములు చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వముల కొసగినది.