పేరొక్కటి - పూలు రెండు

హైదరాబాదునకు ఆగ్నేయమున ఉన్న నాదర్‌గుల్ వంటి ఊళ్లలో "లిల్లీ పూలు" అని అడిగినచో సాధారణముగా నేలసంపెంగనే ఇచ్చెదరు. దండలలో కూర్చు ఈ తెల్లని పూవు పిల్లికి విషము కాదు. కాని నేడు పుష్పగుచ్ఛములలో వచ్చుచున్న మరియొక లిల్లీ పిల్లి ప్రాణమునే తీయగలదు. పేరు ఒకటే అయినను ఈ రెండు మొక్కల చరిత్ర వేరు.

నేలసంపెంగ పుట్టినిల్లు మెక్సికో. స్పెయిన్ దేశస్థులు ఆ దేశమును ఆక్రమించిన పిమ్మట అది సముద్రములు దాటి ఐరోపాకు, ఆసియాకు చేరినది. 1753లో లిన్నేయస్ దానికి 'పోలియాంథిస్ ట్యూబరోజా' అని పేరు పెట్టెను. నేటి వృక్షశాస్త్రజ్ఞులు దానిని కిత్తనార ప్రజాతియగు 'అగేవ్'లో చేర్చుచున్నారు. అనగా లిల్లీతో దానికి దగ్గరి చుట్టరికము లేదు.

అసలైన లిల్లీల ప్రజాతి 'లిలియమ్'. లిన్నేయస్ శిష్యుడగు థున్‌బర్గ్ 1775-76లలో జపానులో ఉండి అచటి మొక్కలను పరిశీలించెను. బాకావంటి తెల్లని పూలు పూయు జాతికి 1794లో 'లిలియమ్ లాంగిఫ్లోరమ్' అను పేరు పెట్టినది ఆయనయే. దాని దుంపలు జపాను నుండి అమెరికాకు విరివిగా ఎగుమతి అయ్యెడివి. 1941లో యుద్ధము వలన ఆ ఎగుమతి ఆగిపోగా, అమెరికా పశ్చిమతీరమున సాగు పెరిగినది. ఈస్టరు పండుగకు ఆ పూలకుండీని ఇంట ఉంచుట అచట ఆచారము.

పూవు ఇంటిలోనికి వచ్చిన చాలకాలమునకు గాని దాని విషము బయటపడలేదు. 1990 తరువాతి దశాబ్దములో అమెరికా పశువైద్యులు, ఈ మొక్కను కొరికిన పిల్లులకు మూత్రపిండములు చెడిపోవుచున్నవని ప్రకటించిరి. అదే మొక్కను తిన్న కుక్కకు కడుపులో వికారము కలుగునే గాని మూత్రపిండములు చెడవు. పిల్లికి మాత్రమే ఇట్లు హాని చేయు పదార్థమేదో నేటికిని తేలలేదు.

ఆకు, రేకు, పుప్పొడి, తుదకు పూలకూజాలోని నీరు సైతము ప్రమాదకరమే. ఒంటిమీద రాలిన పుప్పొడిని నాకినను చాలును. కొన్ని గంటలలో పిల్లి వాంతి చేసికొనును, మందకొడిగా ఉండును. వాంతులు తగ్గినవని ఊరట చెందరాదు. ఒకటి మొదలు మూడు దినములలో మూత్రపిండములు పనిచేయుట మానును. దాదాపు 18 గంటలలోపల వైద్యుడు రక్తనాళము ద్వారా ద్రవము ఎక్కించుట ఆరంభించినచో బ్రతుకు ఆశ ఎక్కువ.

రెండు పూలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో విద్యార్థులు భేదమును సులభముగా గుర్తించగలరు. లిలియమ్ పూవు పెద్దది. దాని ఆరు కేసరములు రంగుగల పుప్పొడితో బయటకు కనబడును. నేలసంపెంగ పూలు చిన్నవి. ఒకే కాడకు అనేకము పూయును. వాని కేసరములు గొట్టములోపలనే దాగియుండును.

కావున పిల్లియున్న ఇంట లిలియమ్ పూలను ఉంచకుండుటయే మేలు. పొరపాటున కొరికినచో పశువైద్యునితో "లిల్లీ తిన్నది" అనిన చాలదు. ఆ పూరెమ్మను కూడ తీసికొనిపోయి చూపవలెను. ప్రపంచమంతటికి ఒకే శాస్త్రీయ నామము ఏల అని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి సమాధానము దొరకదు.