హొన్నును దించిందెవరు?

17వ శతాబ్దపు తొలి ఏళ్లలో బందరు రేవుకు వచ్చిన డచ్చి వర్తకులకు కలంకారీ బట్టలు కావాలి. వాటిని తూర్పు దీవులకు పట్టుకెళ్తేనే మిరియాలు, లవంగాలు దొరుకుతాయి. వాళ్ల ఉన్ని బట్టలు ఈ ఎండల్లో ఎవరికి కావాలి? అందుకే స్పెయిన్ వెండి నాణెం రియాల్‌ను పెట్టెలకొద్దీ తెచ్చారు. మెక్సికోలో, నేటి బొలీవియాలోని పొతోసిలో తవ్విన వెండి అది. అప్పటి ప్రపంచ నాణెం. 1792లో అమెరికా తన డాలర్‌కు కొలత తీసుకున్నదీ దాని నుంచే.

రేవు దాటితే మాత్రం రియాల్ పప్పులుడికేవి కావు. నాణేలు మార్చే షరాబు దాన్ని తూచి, మోగించి, వట్టం పట్టుకుని హొన్నులు చేతిలో పెట్టేవాడు. చిటికెన వేలి గోరంత బంగారు బిళ్ల, మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. గోల్కొండ రాజ్యంలో శిస్తు గుత్తలు ఆ హొన్నుల లెక్కలోనే సాగేవి. దాంతో పరాయివాళ్లే దారికొచ్చారు. పులికాట్‌లో డచ్చివారు, మద్రాసులో ఇంగ్లీషువారు సొంతంగా హొన్నులు అచ్చు వేశారు.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. మొగలు రూపాయి వచ్చింది. అయినా హొన్ను పోలేదు; మరో నూటముప్పై ఏళ్లు మద్రాసు లెక్కల పుస్తకాల్లో నిలిచింది. 1818లో కంపెనీ సర్కారు వెండి రూపాయే ప్రమాణమని తేల్చి, 100 హొన్నులకు 350 రూపాయలని ధర కట్టాక దాని కథ ముగిసింది. దాన్ని దించింది మెరుగైన నాణెం కాదు, సర్కారు ఉత్తరువు.

డిజిటల్ నాణేలు డాలర్‌ను కూలదోస్తాయని జోస్యం చెప్పేవాళ్లు ఈ బందరు లెక్క ఒకసారి చూడాలి. ఏదో ఒక కరెన్సీ విలువకు ముడిపెట్టే డిజిటల్ నాణేలైన స్టేబుల్‌కాయిన్ల మొత్తం విలువ 2025లో 25 వేల కోట్ల డాలర్లు దాటింది. అందులో దాదాపు అంతా డాలర్‌కు ముడిపెట్టిందే. అదే ఏడాది జులై 18న అమెరికాలో సంతకమైన జీనియస్ చట్టం ప్రకారం, జారీచేసే ప్రతి నాణేనికీ సమానంగా నగదో, స్వల్పకాలిక అమెరికా ప్రభుత్వ రుణపత్రాలో దాచి ఉంచాలి. నాణెం ఎంత అమ్ముడుపోతే అమెరికా ఖజానాకు అంత అప్పు పుడుతుందన్నమాట. కూలదోయడం సంగతి అటుంచి, డాలర్‌కు కొత్త రేవులు తెరుస్తున్నారు!

డాలర్‌కు గండం లేదని కాదు. ప్రపంచ కేంద్ర బ్యాంకుల నిల్వల్లో దాని వాటా పాతికేళ్లలో 70 శాతం పైనుంచి 58 దగ్గరికి జారింది. చైనా, థాయిలాండ్, యుఏఈ కేంద్ర బ్యాంకులు ఎంబ్రిడ్జ్ పేరిట డాలర్ ఊసు లేకుండా చెల్లింపులు జరిపే దారి వేశాయి. గండమంటూ వస్తే ఇలా ప్రభుత్వాలు తలచుకున్న చోటునుంచే వస్తుంది.

తోట్లవల్లూరు, గుడివాడ వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో డాలర్ రేటు రోజూ చూసే సంగతే. రేపు ఆ సొమ్ము బ్యాంకు బదులు స్టేబుల్‌కాయిన్‌గా ఫోనులోకే రావచ్చు. కానీ ఇక్కడి షరాబు ఇప్పుడు రిజర్వు బ్యాంకు. 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ఈ-రూపాయిని ప్రయోగాత్మకంగా వదిలింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను అమలవుతోంది. ఆ పన్ను రూపాయల్లోనే కట్టాలి.