పోర్సలిన్ టైల్

పోర్సలిన్ టైల్ బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చుకోని సిరామిక్ పలక. భారత మార్కెట్లో దీన్ని సాధారణంగా విట్రిఫైడ్ టైల్ అంటారు. ఇటలీలోని సాసువోలో, గుజరాత్‌లోని మోర్బీ పేరొందిన తయారీ కేంద్రాలు.

తయారీ: బంకమన్ను, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పొడులను అధిక పీడనంతో అచ్చొత్తి, సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు. ఫెల్డ్‌స్పార్ కరిగి, గాజులా మారి రంధ్రాలను పూడుస్తుంది.

ఉపరితలం: పాలిష్డ్ రకాన్ని వజ్రపు పొడి గల రాపిడి పనిముట్లతో అద్దంలా మెరిపిస్తారు. గ్లేజు లేని రకంలో ఈ రాపిడికి సూక్ష్మరంధ్రాలు తెరుచుకుని మరకలు పట్టే వీలున్నందున రక్షణపూత వేస్తారు. మ్యాట్ రకానికి మెరుపుండదు. లాపాటో పాక్షికంగా పాలిష్ చేసినది. గరుకైన స్ట్రక్చర్డ్ రకం ఆరుబయట నేలలకు అనువైనది. జర్మనీ ప్రమాణం డిఐఎన్ 51130 జారుడు నిరోధాన్ని ఆర్9 నుంచి ఆర్13 వరకు వర్గీకరించింది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ.