డెట్రాయిట్ ప్యాకార్డు కథ

మన మిషిగన్ తెలుగు కుటుంబాల్లో ఎవరో ఒకరు కార్ల కంపెనీలోనో, వాటికి విడిభాగాలు చేసే కంపెనీలోనో పనిచేస్తూనే ఉంటారు. ఫోర్డు, జనరల్ మోటార్స్, క్రైస్లర్ పేర్లు మన పిల్లలకు కూడా నోటికి వచ్చు. ప్యాకార్డు అంటే మాత్రం “కంప్యూటర్లు చేసేవాళ్ళా అంకుల్?” అని అడుగుతారు. ఆ ప్యాకార్డు వేరు, ఈ ప్యాకార్డు వేరు. నేను చెప్పబోయేది ఒకప్పుడు అమెరికాలో బాగా డబ్బున్నవాళ్ళు ఎక్కిన కారు గురించి.

అది మొదలైన తీరే తమాషాగా ఉంటుంది. ఓహైయో రాష్ట్రంలోని వారెన్ అనే ఊళ్ళో విలియం ప్యాకార్డు, జేమ్స్ వార్డ్ ప్యాకార్డు అనే అన్నదమ్ములు కరెంటు సామాన్ల వ్యాపారం చేసేవారు. 1898లో తమ్ముడు జేమ్స్, క్లీవ్‌లాండ్‌లో అలెగ్జాండర్ వింటన్ దగ్గర ఒక కారు కొన్నాడు. అది మాటిమాటికీ మొరాయిస్తుంటే వెళ్ళి ఫిర్యాదు చేశాడు. “అంత తెలిసినవాడివైతే నువ్వే ఒకటి చేసుకో” అన్నాడట వింటన్. సరిగ్గా ఆ మాటే అన్నాడో లేదో గానీ, 1899 నవంబరులో అన్నదమ్ముల మొదటి కారు రోడ్డెక్కింది. “ఈ కారు ఉన్నవాణ్ణే అడగండి” అని 1901 నుంచి ప్రకటనలు వేసుకున్నారు. అంత ధీమాగా చెప్పుకోవాలంటే బండి బాగుండాలి కదా, బాగానే ఉండేది.

1903లో కంపెనీ డెట్రాయిట్‌కి వచ్చింది. ఈస్ట్ గ్రాండ్ బూలెవార్డ్ మీద ఆల్బర్ట్ కాన్ అనే ఆర్కిటెక్ట్ దానికి ఫ్యాక్టరీ కట్టారు. 1905 నాటి పదో నంబరు భవనం ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటుది. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల్లో అలాంటిది అదే మొదటిది. పెరుగుతూ పెరుగుతూ ఆ ఫ్యాక్టరీ దాదాపు 35 లక్షల చదరపు అడుగులయింది. 1915లో పన్నెండు సిలిండర్ల ‘ట్విన్ సిక్స్’ వచ్చింది. 1921లో వారెన్ హార్డింగ్ తన ప్రమాణ స్వీకారానికి అందులోనే వెళ్ళారు. అంతకు ముందు ఏ అధ్యక్షుడూ ఆ కార్యక్రమానికి కారులో వెళ్ళలేదు. హైదరాబాదులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం చూసినవాళ్ళకి అక్కడి పాత కార్లలో ఒక ప్యాకార్డు ఉన్న సంగతి గుర్తుండే ఉంటుంది.

ఆర్థిక మాంద్యం వచ్చేసరికి ఖరీదైన కార్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. పియర్స్ యారో, డ్యూసెన్‌బర్గ్ లాంటి పెద్ద పేర్లు ఆ దశాబ్దంలోనే మూతపడ్డాయి. ప్యాకార్డు మాత్రం 1935లో ‘వన్ ట్వంటీ’ అనే మోడల్ తెచ్చి బతికింది. దాని ధర 980 డాలర్ల దగ్గర మొదలయ్యేది. యుద్ధకాలంలో రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ విమాన ఇంజన్లు 55 వేలకు పైగా చేసి ఇచ్చింది. ఇంత చేసిన కంపెనీ యుద్ధం అయ్యాక పదకొండేళ్ళకే ఎలా చితికిపోయింది?

చవక కారు చేసి పరువు పోగొట్టుకుందని కొందరంటారు. ఆ మాట నాకు పూర్తిగా నచ్చదు. ఆ చవక కారే లేకపోతే 1930లలోనే కథ ముగిసేది. నా లెక్కలో అసలు దెబ్బ వేరు. 1940ల మొదట్లో ప్యాకార్డు తన కార్ల బాడీల పనిని బ్రిగ్స్ అనే బయటి కంపెనీకి అప్పగించింది. 1953 చివర్లో బ్రిగ్స్ వారి ఆ వ్యాపారాన్ని క్రైస్లర్ కొనేసింది. అంటే మన బండి ఒళ్ళు తయారయ్యే చోటు పోటీదారు చేతికి వెళ్ళిందన్నమాట. ప్యాకార్డు హడావిడిగా కానర్ అవెన్యూలో ఒక ఇరుకు ఫ్యాక్టరీని క్రైస్లర్ దగ్గరే అద్దెకు తీసుకుని, 1955 మోడళ్ళను అక్కడ బిగించింది. పనితనం దెబ్బతింది. మధ్యలో 1954లో స్టూడీబేకర్‌తో కలిసింది గానీ, ఆ కంపెనీ అప్పటికే నష్టాల్లో ఉంది. డెట్రాయిట్‌లో చివరి ప్యాకార్డు 1956 జూన్ 25న బయటికొచ్చింది. తర్వాత రెండేళ్ళు ఇండియానాలో స్టూడీబేకర్లకే ఆ పేరు తగిలించి అమ్మారు. 1958తో అదీ అయిపోయింది.

వేలమంది పని పోయింది. వాళ్ళ పరిస్థితిపై పరిశోధకులు రాసిన నివేదికను కొద్ది ఏళ్ళకే సెనేట్ కమిటీ అచ్చువేసింది. “పని చెయ్యడానికి ముసలివాళ్ళు, రిటైర్ కావడానికి చిన్నవాళ్ళు” అని దాని పేరు. కార్ల కంపెనీల్లో లేఆఫ్ మాట వినబడినప్పుడల్లా నాకు ఆ పేరే గుర్తొస్తుంది.

నాతో పనిచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన నాన్నగారు అలా పని పోయినవాళ్ళలో ఒకరు. బతికినన్నాళ్ళూ ప్యాకార్డులు బిగించారు గానీ, సొంతానికి ఒక్కటీ కొనలేకపోయారు. కొడుకు వెతికి వెతికి ఓహైయోలో ఒక రైతు కొట్టంలో 1936 నాటి వన్ ట్వంటీ పట్టుకున్నారు. మూడు చలికాలాలు శనివారాలు నేనూ వెళ్ళి చెయ్యి వేశాను.

ఇలాంటి బండి దొరికితే ముందు చూడవలసింది ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ మీద ఉండే చిన్న రేకు. బండి నంబరుతో పాటు అమ్మిన డీలరు పేరు, ఊరు, అప్పగించిన తేదీ దాని మీద కొట్టి ఉంటాయి. మన బండికి జాతకం లాంటిది. ఆ రేకు లేకపోతే బేరం దగ్గర జాగ్రత్త పడాలి. బిగుసుకుపోయిన ఇంజన్ని బలవంతంగా తిప్పకూడదు. సిలిండర్లలో పల్చటి నూనె పోసి, ఆవకాయ ముక్కల్లా వారాల తరబడి నానబెట్టాలి. కరెంటు 6 వోల్టులది, పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఈ కాలపు అలవాటు కొద్దీ నెగటివ్ కలిపితే చిక్కులే.

అన్నిటికన్నా సతాయించేవి రెండు. ఒకటి చెక్క. పైన ఉక్కు రేకు కనిపిస్తుంది గానీ, దాన్ని పట్టుకున్న లోపలి చట్రంలో చాలా చోట్ల యాష్ కర్ర ఉంటుంది. తేమ తగిలి అది పొడైపోతే తలుపు మూసుకోదు. రెండోది జింకు పోతలో చేసిన హేండిళ్ళు, దీపాల చట్రాలు. అవి లోపల్నుంచే పగిలి బొబ్బలెక్కుతాయి. పాత పూత తీసి, గుంటలు పూడ్చి, రాగి, నికెల్, క్రోమియం వరసగా ఎక్కించాలి. చిన్న ముక్కకే చేతి చమురు బాగా వదులుతుంది. దొరకని భాగాల కోసం ప్యాకార్డు యజమానుల క్లబ్బులున్నాయి. అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పాత భాగాల సంత ఉంది.

మూడో చలికాలం ఎడమ వెనక తలుపు అట్ట విప్పితే లోపలి రేకు మీద పసుపు మైనపు పెన్సిలుతో రెండు అంకెలు, ఒక టిక్కు కనిపించాయి. ఎవరో ఇన్‌స్పెక్టరు చూసి సరే అన్న గుర్తు. బండి మొత్తాన్ని ఇసుక పట్టించి, ఉక్కు తేలేదాకా గీకి కొత్త రంగు వెయ్యాలని పెద్దాయన అప్పటికే మాట్లాడి, అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. అలా చేస్తే షోలో బహుమతి రావచ్చు. ఆ గుర్తు మాత్రం పోతుంది. “ఇది నాన్న రాసింది కాదు, ఆయన అప్పటికింకా చేరనే లేదు” అన్నారాయన. అని చాలాసేపు ఆ తలుపు ముందే స్టూలు వేసుకు కూర్చున్నారు.

ఆ పాత ఫ్యాక్టరీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. బూలెవార్డ్ మీది వంతెన 2019లో కూలింది. నగరం వాళ్ళు 2022లో భవనాలు పడగొట్టడం మొదలుపెట్టి, 2024 చివరికి గుర్తుగా కాస్త ఉంచి మిగిలినదంతా తీసేశారు. ఆ కూల్చివేత చూడడానికి రమ్మంటే పెద్దాయన రాలేదు.

బండికి బయట నల్లరంగు కొత్తగా వేయించారు. ఆ ఒక్క తలుపు లోపలి రేకు మాత్రం గీకనివ్వలేదు. తుప్పు రాకుండా పల్చగా మైనం రుద్ది, అట్ట మళ్ళీ బిగించేశాం. ఎండాకాలంలో షెల్బీ టౌన్‌షిప్‌లో, ప్యాకార్డు తన కార్లు పరీక్షించడానికి 1928లో తెరిచిన స్థలంలో పాత బండ్లు చేరతాయి. అక్కడికి తీసుకొస్తుంటారు. మీ పిల్లలతో వచ్చి అడిగితే, స్క్రూలు విప్పి మరీ ఆ అంకెలు చూపిస్తారు.