కరణాలు వెళ్ళారు, కట్టలు మిగిలాయి

1984 జనవరి 6న ఒక్క ఆర్డినెన్సుతో మునసబు, కరణం, పటేల్, పట్వారీ ఉద్యోగాలు రద్దయిన సంగతి మన సభ్యులకు విదితమే. 1985 మే 25న తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి. ఈ మార్పుల రాజకీయం గురించి చాలామంది రాశారు. వాటి మధ్య ఇరుక్కుని, చెప్పే దిక్కు లేక పని నేర్చుకున్న గుమాస్తాల మాట మాత్రం నా కంటబడలేదు.

రద్దును నేను తప్పుపట్టను. 1895 నాటి మద్రాసు చట్టం కరణీకాన్ని వంశపారంపర్యం చేసింది. వంశాన్ని బట్టి ఉద్యోగమివ్వడం రాజ్యాంగవిరుద్ధమని గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పినా, చాలా ఊళ్ళలో లెక్కలు ఆ కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయాయి. కరణం కలంపోటుకు భూమి పోగొట్టుకున్నవారు ఏ ఊళ్ళో లేరు? 1985లో సుప్రీంకోర్టు కూడా ఆర్డినెన్సును సమర్థించింది. నా అభ్యంతరం ఒక్కటే. ఉద్యోగం తీసేశారు గాని, అందులోని విద్యను ఎవరికి అప్పగించాలో ఆలోచించలేదు.

అప్పటికి నేను జూనియర్ అసిస్టెంటును. అడంగళ్ళు, డైగ్లాట్లు, ఎఫ్.ఎం.బి. పటాలు బస్తాల్లో కచేరీకి చేరాయి. కొన్ని చెదలు పట్టాయి, కొన్ని తడిసి అంటుకుపోయాయి. విప్పి చూస్తే పాత కట్టల్లో సగం గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలించి రాసే ఆ రాత డిగ్రీ చదివిన మాకు అరవమో కన్నడమో అన్నట్టుండేది. పైగా వీసాలు, పరకలు. హైదరాబాదులో శిక్షణ సంస్థ ఉండేది గాని నావంటి గుమాస్తాకు ఆ గుమ్మం తొక్కే యోగం పట్టలేదు.

చివరికి పదవి పోయిన కరణంగారి అరుగే మాకు బడి అయింది. మా ప్రాంతంలో ఒక పెద్దాయన ఉండేవారు. మొహమాటపడుతూ వెళ్ళి, "పంతులుగారూ, ఈ పేజీ కాస్త చదివిపెడతారా?" అన్నాను. "ప్రభుత్వం నన్ను వద్దంది బాబూ, నీతో నాకేం పేచీ? కూర్చో" అన్నారు. గొలుసుకట్టు అక్షరాలన్నీ ఒక కాగితం మీద విడదీసి రాసిచ్చారు. అడంగలు తెరిచి పట్టాదారు గడి, అనుభవదారు గడి చూపించి, "ఊరి తగాదాలన్నీ ఈ రెండు గళ్ళ మధ్యనే ఉంటాయి. రెండో గడి చేను గట్టు మీద నిలబడి రాయాలి, ఇంట్లో కూర్చుని కాదు" అన్నారు. అందరూ ఆయనలాంటివారు కారు. అసలు పుస్తకం దాచి చిత్తుప్రతి అప్పగించినవారున్నారు, పేజీకింత అని అడిగినవారూ ఉన్నారు.

తరువాత వచ్చిన విలేజ్ అసిస్టెంట్లకు ఆ అరుగు కూడా దొరకలేదు. అజమాయిషీ ఎలా చేయాలో నేర్పేవారు లేక, కొందరు నిరుటి అడంగలునే ఈ ఏటి పుస్తకంలోకి ఎక్కించేవారు. చనిపోయినవారి పేర్లు అలాగే కొనసాగాయి. పంట రుణానికి అడంగలు నకలు కావాలి. నకల్లో తండ్రి పేరుంటే సొసైటీవారు కొడుక్కి అప్పివ్వరు. అదను దాటిపోయేది. మాకు శిక్షణ లేని ఖరీదు రైతు కట్టాడు.

మండల కార్యాలయాల తీరు మరీ విడ్డూరం. మాకు ఇచ్చింది అద్దె ఇల్లు, రెండు బల్లలు. తాలూకా ఫైళ్ళను మండలాలకు పంచేటప్పుడు నోట్‌ఫైలు ఒకచోటికి, ఉత్తర్వు మరోచోటికి పోయాయి. కొత్త మండల రెవెన్యూ అధికారి కూడా మమ్మల్నే అడిగేవారు. అక్కడ మమ్మల్ని ఆదుకున్నది టొటెన్‌హామ్ దొర పేరు మీద నడిచిన పాత కచేరీ పద్ధతి. పర్సనల్ రిజిస్టరు, స్టాక్‌ఫైలు, ముగిసిన ఫైలు శాశ్వతంగా ఉంచాలంటే ఆర్.డిస్., పదేళ్ళయితే డి.డిస్. దాన్ని ఎర్రటేపు అని ఎగతాళి చేసేవారికి ఒక మాట: ముందువాడు ఎలా ఆలోచించాడో నోట్‌ఫైల్లో ఉంటుంది. సాయంత్రాలు పాత ఆర్.డిస్. కట్టలు విప్పి చదవడమే మా శిక్షణ. ఆదివారాలు పక్క మండలాల గుమాస్తాలం నలుగురం కలిసి, ఒకే ఒక్క ప్రతి పెట్టుకుని బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు చదివి రెవెన్యూ టెస్టులు గట్టెక్కాం. బోర్డు 1977లోనే పోయింది, దాని ఆర్డర్లు మాత్రం పోలేదు!

2020 సెప్టెంబరులో తెలంగాణలో వీఆర్వో పోస్టులు రద్దుచేసి ఒక్క పూటలో రికార్డులు తీసుకున్నారని పత్రికల్లో చదివినప్పుడు, ఆ బస్తాలు విప్పే కుర్రవాడెవరో అనుకున్నాను.

ఇప్పటికీ పాత దస్తావేజులు పట్టుకుని మా ఇంటికి వచ్చేవారున్నారు. నా చూపు మందగించింది. మన సభ్యుల్లో గొలుసుకట్టు చదవగలవారు ఎందరున్నారో తెలియదు. ఉన్నవారు దయచేసి కార్యదర్శిగారి వద్ద పేరు నమోదు చేయించగలరు. పంతులుగారు రాసిచ్చిన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. కావలసినవారికి జిరాక్సు తీసి ఇస్తాను.