పిచ్చి గీతల వెనక రాయపురం

దక్షిణ భారతంలో తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న బయల్దేరింది రాయపురం నుంచే. తమిళంతో పాటు తెలుగూ వినిపించే ఈ ఉత్తర చెన్నై పేట పేరును తెలుగులో టైపు చేస్తే కంప్యూటర్ దాన్ని ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది: ర, దీర్ఘం, య, ప, కొమ్ము, మళ్లీ ర, సున్నా. అమరిక తప్పిన డేటాబేసులోంచి తీస్తే అదే పేరు 21 పిచ్చి గీతలుగా రావచ్చు, ఏడు ప్రశ్నార్థకాలుగానూ రావచ్చు. పిచ్చి గీతలైతే చాలావరకు బాగుచేసుకోవచ్చు. ప్రశ్నార్థకాలుగా భద్రమైపోతే అసలు అక్షరం ఇక అక్కడ లేదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ బ్రాహ్మీ నుంచి వచ్చిన మన ప్రధాన లిపులన్నిటికీ ఒకే సంకేతాలిచ్చింది. తెలుగు ‘ర’కూ తమిళ ‘ర’కూ సంఖ్య ఒకటే; ఏ లిపిలో చూపాలో విడిగా చెప్పాలి. ఆ సూచన పోతే తెలుగు కాస్తా తమిళంగా కనిపిస్తుంది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి కూర్పు లిపులను విడదీసినా, ఇస్కీ వరుసను మాత్రం నిలుపుకుంది. అందుకే తమిళ ‘ర’ 2992 అయితే తెలుగు ‘ర’ 3120. తేడా సరిగ్గా 128.

పత్రికలూ ప్రచురణకర్తలూ మరో దారి పట్టారు. ఆంగ్ల అక్షరాల చోట్లలో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టి ఎవరి ఫాంటు వారు చేసుకున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్తంతా గజిబిజి. తమిళానిదీ ఇదే బాధ: 1999లో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ సదస్సు తర్వాత తమిళనాడు ప్రభుత్వం ట్యామ్, ట్యాబ్ అనే సంకేతాలను ప్రమాణం చేసింది, 2010లో యూనికోడ్‌కు మారింది. తెలుగుకు మేలు చేసింది ఎక్కువగా వ్యక్తుల పట్టుదలే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన ఫాంట్లు రూపొందించారు. వెన్న నాగార్జున ప్రోగ్రామ్ ‘పద్మ’ పత్రికల పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చిపెట్టింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చేరాక తెలుగు చూడ్డానికి ప్రత్యేక ఏర్పాట్ల అవసరం తగ్గింది.

అక్షరాలు కుదురుకున్నాయి, డేటాబేసులు కుదురుకోలేదు.

కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. కానీ స్వీడన్‌లో పుట్టిన డేటాబేసు సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 కూర్పు వచ్చేదాకా, ఎవరూ వేరే చెప్పకపోతే, ఒక్కో బైటునూ ఒక్కో ఐరోపా అక్షరంగా చదివే లాటిన్-1నే వాడింది. మూడు బైట్ల తెలుగు అక్షరాన్ని అది మూడు ఐరోపా అక్షరాలనుకుంది. పాత ప్రోగ్రామే రాసి, పాత ప్రోగ్రామే చదివినంత కాలం పొరపాటు బయటపడలేదు. కొత్త ప్రోగ్రామ్ యూటీఎఫ్-8 అడిగిన రోజున గుట్టు రట్టయింది.

ఆ గీతల్లోనూ ఆనవాళ్లుంటాయి. తెలుగైనా తమిళమైనా మొదట వచ్చేది నెత్తిన గీత ఉన్న ఆంగ్ల ‘ఎ’. దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో ఉంటే తెలుగు. వలయంలో ‘ఆర్’ గానీ అడ్డగీత గానీ ఉంటే తమిళం. రెండు భాషల చిరునామాలు కలిసిపోయిన చెన్నై జాబితాను విడదీయడానికి ఈ ఒక్క గుర్తు చాలు.

బాగుచేయడంలో తొందరపాటే పెద్ద ప్రమాదం. గీతలున్న డేటాబేసు గడిని నేరుగా యూటీఎఫ్-8కు మారిస్తే ‘రాయపురం’లోని 21 బైట్లు 43 అవుతాయి, తప్పు మీద తప్పు పేరుకుంటుంది. ముందు దాన్ని ఏ భాషా అంటని ఉత్త బైట్ల గడిగా మార్చి, ఆ తర్వాతే యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) అని చెప్పాలి. ఇంకో గండం తెలుగుకు మరీ దగ్గరిది. మైఎస్‌క్యూఎల్ లాటిన్-1 అనేది నిజానికి విండోస్-1252 అనే సంకేతాల పట్టిక. అందులో ఐదు స్థానాలు ఖాళీ. మన కొమ్ము, పొల్లు, ఏ, ఐ, ఝల చివరి బైట్లు పడేది సరిగ్గా అక్కడే. మైఎస్‌క్యూఎల్ వాటిని జాగ్రత్తగా నిలుపుతుంది. మధ్యలో మరో సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీలను తుడిచేస్తే పొల్లు పోతుంది, దాంతో వత్తులన్నీ విరుగుతాయి.

గ్రంథాలయాల్లో, తెలుగు సంఘాల్లో పాత జాబితాలు ఇలాంటి గీతలతో ఉంటే పనికిరావని చెరిపేయకండి. ముందు అచ్చంగా ఒక నకలు తీసి, అసలును పక్కన పెట్టండి. మరమ్మతు ఆ నకలు మీదే మొదలుపెట్టండి.