బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత నొప్పి... మెలటోనిన్‌తో ఉపశమనమెంత?

ఊబకాయంతో బాధపడేవారికి జీర్ణాశయాన్ని కుదించే బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. జిల్లాల నుంచి వెళ్లి చేయించుకుని కొద్ది రోజులకే ఇల్లు చేరుతున్నవారూ ఉన్నారు. ఇంటికొచ్చాక నొప్పి వేధిస్తే ఏ మందు వేసుకోవాలి, దేని జోలికి వెళ్లరాదు అన్న విషయంపై మాత్రం రోగుల్లో అవగాహన కొరవడుతోంది. ఈ నేపథ్యంలో నిద్ర హార్మోనుగా పేరొందిన మెలటోనిన్ నొప్పి మందుల అవసరాన్ని తగ్గించగలదా అన్న అంశంపై కొన్నేళ్లుగా సాగుతున్న పరిశోధనలు ఆసక్తి రేకెత్తిస్తున్నాయి.

భుజం నొప్పి ఎందుకు?

ఈ శస్త్రచికిత్సను చాలావరకు పొట్టపై చిన్న రంధ్రాలు చేసి లాప్రోస్కోపీ పద్ధతిలోనే చేస్తారు. కోత చిన్నదే అయినా నొప్పి ఉండదనుకోవడం పొరపాటు. లోపలి భాగాలు కనిపించేందుకు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపుతారు. అందులో మిగిలిపోయిన కొంత వాయువు విభాజక పటలాన్ని రేపడంతో ఆ బాధ భుజంలో తెలుస్తుంది. గుండెపోటేమోనని బెంబేలెత్తేవారూ లేకపోలేదు. లేచి నడవడం మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో ఇది సాధారణంగా సర్దుకుంటుంది.

గురక పెట్టేవారికి ముప్పు

అసలు చిక్కు మందుల దగ్గరే. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ తరహా మందులు నొప్పిని అణచడంతో పాటు శ్వాసనూ మందగింపజేస్తాయి. స్థూలకాయుల్లో చాలామందికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ అప్నియా ఉంటుంది. బిగ్గరగా గురక పెట్టడం, పగలంతా కునికిపాట్లు పడటం దాని లక్షణాలు. ఇంట్లోవారు దాన్ని ‘మంచి నిద్ర’ అనుకుంటారే తప్ప జబ్బుగా గుర్తించరు. అటువంటి రోగికి ఆ మందులు మోతాదు మించితే రాత్రివేళ ప్రాణవాయువు ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. వాంతులు, మలబద్ధకం అదనపు బాధలు.

పోనీ సాధారణ నొప్పి మాత్రలు వాడదామంటే అక్కడా ఆటంకమే. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయంలోని చిన్న భాగాన్ని సంచిలా వేరుచేసి చిన్నపేగుతో కలుపుతారు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ వంటివి వాడితే ఆ అతుకు వద్ద పుండు పడే అవకాశం పెరుగుతుంది. పుండు ముదిరితే రక్తస్రావం కావచ్చు, రంధ్రమూ పడవచ్చు. శస్త్రచికిత్స జరిగి ఏళ్లు గడిచినా ఈ ముప్పు పూర్తిగా తొలగదు. పల్లెల్లో ఒళ్లు నొప్పులంటే ఆర్‌ఎంపీ వద్ద సూది వేయించుకోవడం పరిపాటి. మాత్ర మింగలేదు కనుక కడుపుకు హాని లేదన్నది అపోహే. సూది ద్వారా వెళ్లిన మందు కూడా రక్తంలో కలిసి కడుపు లోపలి రక్షణ పొరను బలహీనపరుస్తుంది.

అందుకే మత్తు వైద్య నిపుణులు ఒకే మందుపై ఆధారపడకుండా పారాసెటమాల్‌కు తోడు గాయాల వద్ద, పొట్ట గోడలో తిమ్మిరి మందు ఇచ్చి మార్ఫిన్ తరహా మందుల మోతాదు తగ్గిస్తారు. మెలటోనిన్ ప్రస్తావన వచ్చింది ఈ ప్రయత్నంలోనే.

చీకటిలో ఊరే హార్మోను

మెదడులోని పీనియల్ గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం 1958లో దీన్ని గుర్తించింది. ఆసుపత్రి గదిలో రాత్రంతా వెలిగే దీపాలు, యంత్రాల చప్పుళ్లు, ఆందోళన రోగి నిద్రను చెడగొడతాయి. నిద్ర కరవైతే అదే నొప్పి మరింత తీవ్రంగా తోస్తుంది.

గర్భసంచి తొలగించిన మహిళలకు ముందురోజు రాత్రి, శస్త్రచికిత్సకు ముందు 5 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చి చూడగా ఆందోళన, మార్ఫిన్ వాడకం తగ్గినట్లు బ్రెజిల్ పరిశోధకులు 2007లో వెల్లడించారు. బేరియాట్రిక్ రోగులపైనే ఇజ్రాయెల్ వైద్యులు జరిపిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. మెలటోనిన్ తీసుకున్నవారు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కంటే మెరుగ్గా కోలుకున్నట్లు అందులో తేలింది. అయితే అన్ని ఫలితాలూ ఒకే తీరుగా లేవు. పిత్తాశయం తొలగించినవారిపై డెన్మార్క్‌లో జరిగి 2009లో వెలువడిన పరిశీలనలో నిద్ర త్వరగా పట్టడం మినహా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. శస్త్రచికిత్స ముందరి ఆందోళన తగ్గుతుందనడానికి ఉన్నంత బలమైన ఆధారం నొప్పి విషయంలో లేదు. కాబట్టి దీన్ని తోడు మందుగానే చూడాలి తప్ప నొప్పి మందుకు ప్రత్యామ్నాయంగా భావించరాదు.

సొంతంగా కొనవద్దు

మందుల దుకాణాల్లో మెలటోనిన్ మాత్రలు దొరుకుతున్నాయి కదా అని తెచ్చి మింగడం తగదు. అమెరికాలో అమ్ముడవుతున్న 25 రకాల మెలటోనిన్ జెల్లీ బిళ్లలను పరీక్షించగా 22 రకాల్లో పరిమాణం చీటీపై రాసినదానికి సరిపోలలేదని, ఒకదానిలో మందే లేదని 2023లో బయటపడింది. మానసిక సమస్యలకు ఇచ్చే ఫ్లూవోక్సమిన్‌తో కలిస్తే రక్తంలో మెలటోనిన్ మోతాదు బాగా పెరిగిపోతుంది. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు బైపాస్ తర్వాత సరిగా ఒంటబట్టకపోవచ్చు. వాడుతున్న ప్రతి మందు పేరును, గురక సంగతిని శస్త్రచికిత్సకు ముందే మత్తు వైద్యునికి తెలపాలి. నిద్రలో సీపాప్ యంత్రం వాడేవారు దాన్ని ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి.

నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం, ఆయాసం వచ్చినా, నాడి నిమిషానికి 120కి మించి కొట్టుకుంటున్నా కుట్ల వద్ద లీకేజీ ఏర్పడిందేమోనని అనుమానించాల్సిందే. ఛాతీలో నొప్పి వచ్చినా, కాలి పిక్క వాచినా ఉపేక్షించరాదు. అటువంటప్పుడు మాత్రలతో కాలయాపన చేయక రాత్రయినా సరే శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి వెంటనే ఫోన్ చేసి బయలుదేరాలి.